హారియర్ దిగితే నేల కాలిపోదా? నిలువుగా దిగే జెట్లు, వాటి ల్యాండింగ్ ప్యాడ్లు

వైజాగ్ శ్రీను | ఆదివారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. ఇవాళ మావాడిని బీచ్ రోడ్డుకి తీసుకెళ్లాను. మూడో తరగతి చదువుతున్నాడు. కురుసుర సబ్‌మెరైన్, టీయూ-142 ఇదివరకే చూశాడు కాబట్టి ఈసారి సీ హారియర్ దగ్గర పాతుకుపోయాడు. పక్కన ఉన్న నాలుగు నాజిళ్లు (ఇంజిన్ గాలి బయటికొచ్చే గొట్టాలు) చూపించి, ఇవి కిందికి తిరుగుతాయి, అందుకే ఇది హెలికాప్టర్‌లా నిలువుగా దిగుతుంది అని చెప్పాను.

"కిందికి నిప్పులాంటి గాలి ఊదుతుందన్నావు కదా, మరి నేల కాలిపోదా? నేల కాలితే టైర్లు కాలవా?"

"అది స్పెషల్ నేల రా" అని తప్పించుకోబోయాను. "స్పెషల్ అంటే ఏం వేస్తారు?" అన్నాడు. అక్కడ దొరికిపోయాను. ఐస్‌క్రీమ్‌తో ఆ పూట గడిచింది. రేపు మళ్లీ అడుగుతాడు. తెలిసినవాళ్లు చెప్పండి.

కొంటె కోణంగి | ఆదివారం, రాత్రి 9:52

మే నెలలో మధ్యాహ్నం మా మేడ మీద దింపమనండి. ఎక్కువ వేడి జెట్‌దో మేడదో తేల్చుకోవచ్చు.

సిమెంటు బస్తా | ఆదివారం, రాత్రి 10:31

శ్రీను గారూ, మీవాడు అడిగింది చిన్న ప్రశ్నేం కాదు. నేను సివిల్ మనిషిని. కొలిమిలు, ఫర్నేసులు ఉన్న చోట్ల చాలా ఏళ్లు పనిచేశాను. విమానాల సంగతి నాకు తెలీదు. వేడి తగిలితే కాంక్రీటు ఏమవుతుందో మాత్రం కళ్లారా చూశాను.

ఓ ఫ్యాక్టరీలో కొత్తగా వేసిన ఫ్లోర్ మీదే యాంగిల్ పెట్టి గ్యాస్ కటింగ్ చేస్తున్నాడు ఒక కుర్రాడు. కింద రేకు వేసుకోమంటే వినలేదు. ఆ పొద్దున్నే ఫ్లోర్ కడిగారు. మంట నేలకి తగిలి నిమిషం కూడా కాలేదు, టప్ టప్‌మని పేలాలు పేలినట్టు ముక్కలు ఎగిరాయి. రూపాయి బిళ్లంత పెచ్చు ఒకటి వాడి కళ్లద్దాలకి తగిలింది. అద్దాలు లేకపోతే కన్ను పోయేది. నేల మీద అరచేయంత గుంట పడింది.

అక్కడ జరిగింది ఇదీ. ఎండిపోయినట్టు కనబడే కాంక్రీటు లోపల సన్నటి రంధ్రాల్లో నీళ్లు ఉంటాయి. పైన ఒక్కసారిగా సెగ తగిలితే ఆ నీళ్లు ఆవిరవుతాయి. మెల్లగా వేడెక్కితే ఆవిరి ఎలాగోలా బయటపడుతుంది. జెట్ సెగ సెకన్లలో తగులుతుంది కాబట్టి దానికి దారి దొరకదు, పైపొరను తన్నుకుని బయటికొస్తుంది. అందులోనూ చిత్రం ఏమిటంటే, కాంక్రీటు ఎంత గట్టిగా, ఎంత చిక్కగా ఉంటే అంత తేలిగ్గా పెచ్చులూడుతుంది. సందులు తక్కువ కదా మరి.

దాని మీద రసాయనం సంగతి వేరే ఉంది. మామూలు సిమెంటులో ఉండే సున్నం తరహా పదార్థం 450 డిగ్రీల దగ్గర విడిపోతుంది. మన గ్రానైటు కంకరలో, ఇసుకలో క్వార్ట్జ్ ఉంటుంది. అది 573 డిగ్రీల దగ్గర రూపం మార్చుకుని ఉబ్బుతుంది. చుట్టూ ఉన్న సిమెంటు ముద్ద కుంచించుకుపోతుంటే మధ్యలో రాయి ఉబ్బుతుంది. పగలక ఏం చేస్తుంది?

అందుకని ఇలాంటి ప్యాడ్లకి వేడికి ఓర్చే కాంక్రీటు వాడతారు. మామూలు సిమెంటు బదులు కాల్షియం అల్యూమినేట్ సిమెంటు, క్వార్ట్జ్ లేని కంకర, బసాల్టు లాంటిది. వెంట్రుకల్లాంటి పాలీప్రొపిలీన్ పీచు కూడా కలుపుతారు. నాకు బాగా నచ్చేది ఈ పీచే. 165 డిగ్రీల దరిదాపుల్లో కరిగిపోతుంది. అది కరిగిన చోట సన్నటి గొట్టాల్లాంటి ఖాళీలు మిగులుతాయి, ఆవిరి వాటిలోంచి బయటపడుతుంది. అంటే కరిగిపోవడం కోసమే వేసే పీచు అన్నమాట.

ఇంకొకటి, జాయింట్లు. మామూలు రన్‌వేలో పలకల మధ్య సీలెంట్ నింపుతారు. జెట్ సెగకి అది కారిపోయి, గాలికి ఎగిరి ఇంజిన్‌లోకి పోతుంది. అందుకే విమానం దిగే భాగం వరకు జాయింట్ లేకుండా ఒకే పలకగా పోస్తారు.

గాలిపటం | సోమవారం, ఉదయం 7:15

బస్తా గారి వివరణ సూపర్. కానీ నాదో అభ్యంతరం. అందరూ వేడితోనే మొదలుపెడతారు. ఈ విమానాల్ని తయారుచేసినవాళ్లకి మొదట టెన్షన్ పెట్టింది వేడి కాదు, నేలకి తగిలి వెనక్కొచ్చే గాలి. (ఏరోనాటిక్స్‌లో ఎం.టెక్ చేస్తున్నాను, కాబట్టి కాస్త వాగుతాను.)

ఇంట్లో ఒక ప్రయోగం చేయండి శ్రీను గారూ. రెండు గార్డెన్ పైపులు పక్కపక్కన పట్టుకుని నేలకేసి ధారగా కొట్టండి. నీళ్లు నేలకి తగిలి నాలుగు పక్కలా పరుచుకుంటాయి. రెండు ధారల నీళ్లు మధ్యలో కలుసుకున్న చోట గోడలా పైకి లేస్తాయి. హారియర్ కింద కూడా ఇంతే, నీళ్ల బదులు వేడి గాలి. దాన్ని ఫౌంటెన్ అంటారు. ఆ లేచిన వేడి గాలిని ఇంజిన్ మళ్లీ పీల్చుకుందనుకోండి, థ్రస్ట్ (విమానాన్ని నెట్టే బలం) పడిపోతుంది. మరీ ఎక్కువైతే ఇంజిన్ దగ్గుతుంది. నేలకి పది అడుగుల ఎత్తులో, రెక్కల లిఫ్ట్ అసలు లేనప్పుడు ఇంజిన్ దగ్గితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

రెండోది కిందికి లాగడం. లారీ పక్కనుంచి దూసుకుపోతే బైక్ దానివైపు లాగినట్టు ఉంటుంది చూడండి. అలాగే కిందికి దూకే జెట్ ధారలు చుట్టుపక్కల గాలిని తమతో లాక్కుపోతాయి. విమానం పొట్ట కింద ఒత్తిడి తగ్గి, విమానాన్ని నేల వైపు లాగుతుంది. నేలకి దగ్గరవుతున్నకొద్దీ ఇది పెరుగుతుంది.

ఇది తెలుసు కాబట్టే హారియర్‌కి పెద్దన్న లాంటి పి.1127ని మొదటిసారి గాల్లోకి లేపినప్పుడు మామూలు నేల మీద లేపలేదు. 1960 అక్టోబరు 21, ఇంగ్లండ్‌లోని డన్స్‌ఫోల్డ్. ఒక గొయ్యి తవ్వి, దాని మీద ఇనుప జాలీ పరిచి, ఆ జాలీ మీద విమానాన్ని తాళ్లతో కట్టి లేపారు. జెట్ గాలి జాలీలోంచి గొయ్యిలోకి దిగి పక్కలకి పోతుంది, వెనక్కి రాదు. కాబట్టి విమానం నేల మీదే ఉన్నా ఎంతో ఎత్తులో ఉన్నట్టు ప్రవర్తిస్తుంది. నడిపిన టెస్ట్ పైలట్ బిల్ బెడ్‌ఫోర్డ్ కాలు విరిగి కట్టుతో ఉన్నాడు. ఆ కట్టుతోనే ఎక్కాడు!

కొంటె కోణంగి | సోమవారం, ఉదయం 7:40

కాలు విరిగినవాడికి నిలువుగా లేచే విమానం ఇచ్చారు. లాజిక్ ఉంది, పరుగెత్తక్కర్లేదు కదా.

సిమెంటు బస్తా | సోమవారం, ఉదయం 8:05

గాలిపటం గారూ, ఒప్పుకున్నాను. కానీ ఒక డౌట్. జాలీ, గొయ్యి అంత బాగా పనిచేస్తే అన్నిచోట్లా అదే కట్టొచ్చుగా? నా కాంక్రీటు గొడవే ఉండదు. శ్రీహరికోటలో రాకెట్ కింద కూడా మంట పోవడానికి వాలుగా డిఫ్లెక్టరు, సొరంగం లాంటి దారి ఉంటాయి కదా.

గాలిపటం | సోమవారం, మధ్యాహ్నం 1:20

సూత్రం ఒకటే. కానీ రాకెట్ ఒకే చోట నిలబడి ఒకే చోటునుంచి లేస్తుంది. విమానం దిగడానికి వస్తుంది, అటో ఇటో పడుతుంది. దాని చక్రాలు జాలీ మీద ఎక్కడ ఆనినా మోయాలి, జాలీ కూడా సెగకి వంగకూడదు. అంత పెద్ద జాలీ కట్టి, కింద గొయ్యిని వాన నీళ్లు నిలవకుండా, చెత్త చేరకుండా చూసుకోవాలి. మామూలు వాడకానికి అది తెల్ల ఏనుగు. టెస్టింగ్‌కి మాత్రం ఇప్పటికీ బంగారం.

డల్లాస్ బాబాయ్ | సోమవారం, సాయంత్రం 6:48

ఆ బంగారం మా ఊరి పక్కనే ఉంది. ఎఫ్-35 తయారయ్యే ఫోర్ట్‌వర్త్ ప్లాంట్‌లో హోవర్ పిట్ (మీరు చెప్పిన జాలీ, గొయ్యి లాంటిదే) ఉంది. ఎఫ్-35లో నిలువుగా దిగే రకం ఎఫ్-35బిని దాని మీద కట్టేసి ఇంజిన్ పూర్తిగా తిప్పి, కిందికి ఎంత థ్రస్ట్ వస్తుందో కొలిచారు. కింద గాలి వెనక్కి రాకుండా ఉంటేనే కొలత నిజమైన కొలత.

ఇక ఎఫ్-35బి హారియర్ లాంటిది కాదు. ముందు భాగంలో పెద్ద లిఫ్ట్ ఫ్యాన్ ఉంటుంది. మొత్తం దాదాపు 40,000 పౌండ్ల థ్రస్ట్‌లో సుమారు సగం ఆ ఫ్యాన్‌దే, అది చల్లటి గాలి. వేడంతా వెనక కిందికి వంగే ఒక్క నాజిల్‌లోంచి వస్తుంది. ముందున్న చల్లగాలి తెరలా అడ్డుపడి వెనక వేడి గాలిని ఇంజిన్ నోట్లోకి పోనివ్వదు. గాలిపటం చెప్పిన సమస్యకి అది మంచి విరుగుడు. కానీ నేల సంగతి చూడండి, వేడంతా ఒకే చోట!

2010 మార్చి 18న మేరీలాండ్‌లోని పాటక్సెంట్ రివర్‌లో అది మొదటిసారి నిలువుగా దిగింది. దిగిన ప్యాడ్ చదరం, ఒక్కో వైపు 95 అడుగులు.

ఫోరం పెద్దమనిషి (మోడరేటర్) | సోమవారం, రాత్రి 8:02

థ్రెడ్ బాగుంది. రాజకీయాల జోలికి పోకుండా కొనసాగించండి. "ఎఫ్-35 మనం కొనాలా వద్దా" అన్న మూడు పోస్టులు తీసేశాను. దానికి వేరే థ్రెడ్ ఉంది, అక్కడ కొట్టుకోండి.

పాత నావికుడు | సోమవారం, రాత్రి 9:17

ఆలస్యంగా చూశాను. నేను విమానవాహక నౌక విరాట్ మీద ఎయిర్‌క్రాఫ్ట్ హ్యాండ్లర్‌గా చేశాను. మీరంతా పుస్తకం నుంచి చెబుతున్నారు, తప్పుపట్టడం లేదు. డెక్ మీద నుంచి నాలుగు ముక్కలు చెబుతాను.

మొదటిది, హారియర్ నిలువుగా లేవడం ఎయిర్ షోలో చూసేదే. మా దగ్గర స్కీ జంప్ (డెక్ చివర పైకి వంగిన ర్యాంపు) మీదుగా పరుగెత్తి లేచేది. ఇంధనం, ఆయుధాలు నిండా ఉన్న బరువుతో నిలువుగా లేవలేదు. పని ముగించుకుని ఇంధనం ఖర్చై తేలికయ్యాక నిలువుగా దిగేది. కాబట్టి డెక్‌కి సెగ తగిలేది దాదాపుగా దిగేటప్పుడే.

రెండోది, అది ఎకాఎకి డెక్ మీదికి రాదు. ఓడకి ఎడమ పక్కన, సముద్రం మీద, ఓడ వేగంతో సమానంగా వచ్చి ఆగుతుంది. అక్కడ సర్దుకున్నాక పక్కకి జరిగి డెక్ మీదికి వచ్చి, తాత్సారం చేయకుండా దిగిపోతుంది. చక్రాలు తగలగానే పైలట్ థ్రాటిల్ మూసేస్తాడు. హోవర్ చేసిన సమయంలో ఎక్కువ భాగం సెగ తిన్నది సముద్రం. డెక్ తిన్నది కొన్ని సెకన్లే. పైగా ఓడ ముందుకు పోతుంటుంది కాబట్టి ఎదురుగాలి వేడిని వెనక్కి తోసేస్తుంది.

మీ అబ్బాయికి ఇది చెప్పండి శ్రీను గారూ. కొవ్వొత్తి మంటలోంచి వేలు గబుక్కున తిప్పితే కాలదు, ఆపితే కాలుతుంది. (ఇంట్లో ప్రయోగం చేయించకండి, మా కోడలు నన్ను తిట్టింది.)

కాలకపోయినా పాడవదని కాదు. డెక్ మీద జారకుండా గరుకు పెయింట్ ఉంటుంది. సెగ పదేపదే తగిలితే అది పెళుసెక్కి లేస్తుంది. అందుకే ఫాడ్ వాక్ ఉండేది. అందరం భుజం భుజం కలిపి ఒక వరుసగా డెక్ ఈ చివరనుంచి ఆ చివరకి తల వంచుకుని నడిచి, బోల్టు, పెయింట్ పెచ్చు, రాయి, ఏది కనబడితే అది ఏరేవాళ్లం. గోరంత పెచ్చు చాలు ఇంజిన్ బ్లేడు చెడటానికి. విమానం దిగిన చోట డెక్ వేడి బూటు అడుగులోంచి తెలిసేది.

వైజాగ్ శ్రీను | సోమవారం, రాత్రి 9:45

నావికుడు గారూ, దండాలండీ. కొవ్వొత్తి పోలికకి మావాడు ఫ్లాట్. అగ్గిపెట్టె దాచేశాను.

ఒకటి అర్థం కాలేదు. హారియర్ నాజిల్ ఎంత వేడి? నాలుగూ ఒకటేనా?

గాలిపటం | సోమవారం, రాత్రి 10:10

ఒకటి కాదు. ముందు రెండు నాజిళ్లలోంచి వచ్చేది ఇంజిన్ ఫ్యాన్ నెట్టిన గాలి, నూరు డిగ్రీల పైచిలుకు. వెనక రెండూ మండి వచ్చిన గాలి, 650 డిగ్రీల దరిదాపు. ఈసారి వెళ్లినప్పుడు వెనక నాజిల్ వెనకాల విమానం ఒంటిని చూడండి. అక్కడ వేడిని ఆపే లోహపు కవచం ఉంటుంది. ముందు నాజిల్ దగ్గర అలాంటిది ఉండదు.

డల్లాస్ బాబాయ్ | మంగళవారం, ఉదయం 5:30

ఈ సంఖ్యల మీదే ఇక్కడ పెద్ద రచ్చ జరిగింది. ఎఫ్-35బి ప్యాడ్లు కట్టడానికి అమెరికా నేవీ తయారుచేసిన నిర్మాణ పత్రాల్లో ఎగ్జాస్ట్ 1,700 ఫారెన్‌హీట్ అని రాశారు. అంటే దాదాపు 927 సెల్సియస్. మామూలు కాంక్రీటు పెచ్చులూడుతుందని హెచ్చరించారు. తయారీ కంపెనీ మాత్రం హారియర్‌కీ దీనికీ పెద్ద తేడా లేదంది. తేడా లేదంటూనే దిగే చోట్లకి ప్రత్యేక కాంక్రీటు పోయాల్సి వచ్చింది. మాటల కన్నా కాంక్రీటు ఆర్డర్లు నిజం చెబుతాయని నేను అనుకుంటాను.

సిమెంటు బస్తా | మంగళవారం, ఉదయం 8:20

బాబాయ్ గారూ, ఆఖరి వాక్యం నేను దొంగిలిస్తున్నాను.

ఒక చిన్న సవరణ మాత్రం. నాజిల్ దగ్గరి ఉష్ణోగ్రత, నేలకి తగిలే ఉష్ణోగ్రత ఒకటి కావు. మధ్యలో చుట్టూ ఉన్న గాలి కలుస్తుంది. ఎంత ఎత్తులో ఎంతసేపు నిలబడిందన్నది తెలియకుండా సంఖ్య ఒక్కటే చెబితే మనుషులు ఊరికే భయపడతారు.

కొంటె కోణంగి | మంగళవారం, ఉదయం 8:33

నీళ్లు చల్లొచ్చుగా? పెళ్లి పందిట్లో దుమ్ము లేవకుండా చల్లినట్టు.

సిమెంటు బస్తా | మంగళవారం, ఉదయం 8:41

నేను మొదట చెప్పిన ఫ్యాక్టరీ ఫ్లోర్ గుర్తుంది కదా? ఆ పొద్దున్నే కడిగారు.

గాలిపటం | మంగళవారం, ఉదయం 9:02

కోణంగి గారి ఐడియా మరీ కొట్టిపారేసేది కాదు. నీళ్లు కాంక్రీటు లోపల ఉంటే శత్రువు, రేకు వెనకాల పారితే మిత్రుడు. అమెరికా విమానవాహక నౌకల మీద జెట్ వెనక లేచే బ్లాస్ట్ డిఫ్లెక్టర్ పలకల లోపల సముద్రపు నీళ్లు పారించి చల్లబరుస్తారు. 2023 ఏప్రిల్‌లో స్టార్‌షిప్ రాకెట్ కింద కాంక్రీటు తునాతునకలయ్యాక, అక్కడ నీళ్లు చిమ్మే ఉక్కు పలక పెట్టారు. కానీ నిలువుగా దిగే విమానం కింద నీళ్లు చిమ్మితే, ఆ ఆవిరీ తుంపరా పైకి లేచి మళ్లీ ఇంజిన్ నోట్లోకే. మళ్లీ ఫౌంటెన్ దగ్గరికే వచ్చాం.

పాత నావికుడు | మంగళవారం, రాత్రి 9:05

కొత్త ఓడల సంగతి కాస్త చెబుతాను. ఉక్కు పెచ్చులూడదు, కానీ వేడికి వంగుతుంది, కింద ఉన్న గదిలోకి వేడిని పంపిస్తుంది. పైపూత, కింద చట్రం, రెండూ చూసుకోవాలి.

అమెరికావాళ్లు పాత గరుకు పెయింట్ బదులు థెర్మియాన్ అనే పూత వాడారు. సెరామిక్, అల్యూమినియం కలిపి కరిగించి చల్లుతారు. యూఎస్‌ఎస్ అమెరికా అనే ఓడలో 7, 9 నంబర్ల దిగే చోట్ల కింద అదనంగా ఉక్కు బలాలు వెల్డింగ్ చేశారు. రెండు విమానాలు వెంటవెంటనే దిగినా డెక్ తట్టుకోవడానికి.

బ్రిటిష్ వాళ్ల క్వీన్ ఎలిజబెత్ మీద అల్యూమినియం, టైటానియం పూత. పొడిని ప్లాస్మా మంటలో కరిగించి రోబోతో డెక్ మీద చల్లారు. మందం 2 నుంచి 2.5 మిల్లీమీటర్లే, కానీ 1,500 డిగ్రీల దాకా ఓర్చుకుంటుందని చెప్పారు. డెక్ అంతా వేయలేదు, అవసరమైన భాగానికే. 2018 సెప్టెంబరులో దాని మీద ఎఫ్-35బి దిగింది. మరుసటి నెలలో కొత్త పద్ధతి కూడా ప్రయత్నించారు. పూర్తిగా నిలువుగా కాకుండా కొంచెం ముందుకు జరుగుతూ దిగి బ్రేకు వేయడం. రెక్కలు కొంత బరువు మోస్తాయి కాబట్టి వాడని ఆయుధాలు సముద్రంలో పారేయకుండా తిరిగి తెచ్చుకోవచ్చు. సెగ కూడా ఒకే చోట పడదు.

ఇంకో మాట. వేడి కన్నా వేడి నిలిచే సమయం ముఖ్యమని ఆస్ప్రే చూపించింది. అది జెట్ కూడా కాదు, పంకాలు తిరిగే విమానం. కానీ ఇంజిన్ల ఎగ్జాస్ట్ డెక్‌కి దగ్గరగా, నిమిషాల తరబడి ఊదుతూనే ఉంటుంది. దాని కింద డెక్ పలకలు ఉబ్బి వంగే ప్రమాదం ఉందని జాగ్రత్తలు తీసుకోవాల్సి వచ్చింది.

డల్లాస్ బాబాయ్ | బుధవారం, ఉదయం 5:50

పొలంలో దిగాల్సొస్తే? హారియర్‌ని కొన్నదే అందుకు. అమెరికా మెరీన్లు ఏఎం-2 అనే అల్యూమినియం పలకలు పరుస్తారు. 12 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు, ఒకటిన్నర అంగుళం మందం, ఒకదానికొకటి తాళం వేసినట్టు అతుక్కుంటాయి. హారియర్‌కి సరిపోయాయి. కానీ అల్యూమినియం 660 డిగ్రీలకి కరుగుతుంది, బలం అంతకన్నా చాలా ముందే పోతుంది.

బ్రిటన్, అర్జెంటీనాల మధ్య జరిగిన ఫాక్‌లాండ్స్ యుద్ధంలో 1982 మే 25న అట్లాంటిక్ కన్వేయర్ అనే సరుకుల ఓడ మీద క్షిపణి పడింది. హారియర్ల కోసం తెచ్చిన పలకలు చాలావరకు దాంతో పోయాయి. మిగిలినవాటితో పోర్ట్ శాన్ కార్లోస్‌లో సుమారు 260 మీటర్ల స్ట్రిప్ వేశారు. జూన్ 8న ఒక హారియర్ దాని మీద కూలి పలకలు చీల్చేసింది. వాటిని సరిచేసేదాకా అక్కడ దిగడానికి లేదు. నిలువుగా దిగే విమానానికి రన్‌వే అక్కర్లేదంటారు, కానీ ప్యాడ్ లేకపోతే చేతులు కట్టుకు కూర్చోవాల్సిందే.

కొంటె కోణంగి | బుధవారం, ఉదయం 9:15

నేనూ ఒక నిజం పోస్ట్ చేస్తాను, ఆశ్చర్యపోకండి. 1983 జూన్ 6. బ్రిటిష్ సీ హారియర్ ఒకటి దారి తప్పింది. రేడియో లేదు, ఇంధనం అడుగంటింది, తన ఓడ కనబడలేదు. అల్రైగో అనే స్పానిష్ సరుకుల ఓడ కనబడితే, దాని మీదున్న కంటెయినర్ల మీదే పైలట్ నిలువుగా దిగిపోయాడు. దిగాక విమానం జారి, తోక భాగం వెనకున్న వ్యాన్ మీద కూర్చుంది. ఓడ ఆగలేదు, విమానంతో సహా టెనెరిఫే చేరింది. కాల్షియం అల్యూమినేట్ లేదు, పీచు లేదు, రోబో పూత లేదు. రేకు డబ్బా!

సిమెంటు బస్తా | బుధవారం, ఉదయం 9:22

ఒక్కసారి దిగడానికి ఏదైనా పనికొస్తుంది. రోజుకి పదిసార్లు, పదేళ్లు దిగమనండి.

గాలిపటం | బుధవారం, సాయంత్రం 7:30

మన విమానవాహక నౌక విక్రమాదిత్యకి కూడా ఈ కథలో చోటుంది. అది పుట్టినప్పుడు సోవియట్ ఓడ బాకు. యాక్-38 లాంటి నిలువు జెట్ల కోసం కట్టిన తరగతి. తరవాత పేరు అడ్మిరల్ గోర్ష్‌కోవ్‌గా మారింది. 1991 అక్టోబరు 5న యాక్-141 నమూనా విమానం దాని డెక్ మీద దిగుతూ బలంగా గుద్దుకుని మంటల్లో చిక్కుకుంది. పైలట్ ఎజెక్ట్ అయి బతికాడు. తరవాత మనం తీసుకుని స్కీ జంప్, అరెస్టర్ తీగలు పెట్టించాం. ఇప్పుడు దాని మీద దిగే మిగ్-29కె నిలువుగా దిగదు, తీగ పట్టుకుని ఆగుతుంది.

వైజాగ్ శ్రీను | ఆదివారం, రాత్రి 8:15

మళ్లీ వెళ్లొచ్చాం. ముందు నాజిల్ చూపించి "ఇది చల్లది", వెనకది చూపించి "ఇది వేడిది" అని పక్కనున్న వేరే పిల్లలకి మావాడే క్లాస్ పీకాడు. ఒక పెద్దాయన "మరి నేల కాలదా బాబూ?" అని అడిగారు. "కాలేలోపే దిగిపోతుంది తాతా" అన్నాడు. కాంక్రీటులో పీచు సంగతి కూడా చెప్పబోయి, పాలీప్రొపిలీన్ దగ్గర నోరు తిరగక నావైపు చూశాడు.

బస్తా గారూ, ఇంట్లో మేడ మీద ఆ పీచు వేసి చూద్దామంటున్నాడు. కిలో ఎంతుంటుంది?

సిమెంటు బస్తా | ఆదివారం, రాత్రి 8:40

మేడ మీదికి హారియర్ వచ్చేటట్టుంటే చెప్పండి, నేనే తెచ్చిస్తాను. పగుళ్ల కోసమైతే చిన్న ప్యాకెట్లలో సిమెంటు షాపులోనే దొరుకుతుంది. ఎంత కలపాలో ప్యాకెట్ మీద రాసి ఉంటుంది, అంతకు మించి వేయకండి, ముద్దలు కడుతుంది.